ఖాళీ కాని సంపు

ఒక ఫ్రిజ్జు, రెండు పరుపులు, మూట బియ్యం, నా మోపెడ్, మా అమ్మాయి పుస్తకాలన్నీ, మా ఆవిడ చీరలు ఏడు. గాలివానకు మా ఇంట్లో పోయినవి ఇవి. మనిషి కూడా పోవలసింది, పోలేదు. ఎందుకు పోలేదో నాకు తెలియదు. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తున్నాను.

దయ్యాలూ మహిమలూ నాకు పడవు. ఎనిమిదో తరగతితో బడి మానేసి, మేస్త్రీల వెంట టేపు పట్టుకుని తిరుగుతూ లెక్కలు నేర్చుకున్నవాణ్ణి. ఏ గోడకు ఎన్ని ఇటుకలు, ఏ స్లాబుకు ఎన్ని మూటల సిమెంటు పడతాయో చెప్పడమే నా బతుకుతెరువు.

కుందలహళ్ళి దగ్గర పల్లంలో ఉన్న అద్దె ఇల్లు మాది. వెనక ఊరి వాననీళ్ళు పోయే రాజకాలువ పొంగి ఇంట్లోకి నడుము లోతు నీళ్ళొచ్చాయి. మూడో రోజుకు వీధి ఆరింది కానీ, వాడుక నీళ్ళు నిలవ చేసుకునే నేల కింది సంపు నిండా మురుగే. సంపు బాగుపడితే తప్ప ఇంట్లో పొయ్యి వెలగదు. సాయానికి హిందూపురం నుంచి మా బామ్మర్ది నాగరాజు వచ్చాడు. నీళ్ళు తోడేశాక తాను దిగి అడుగున మడ్డి ఎత్తుతానన్నాడు.

సంపు పొడవు, వెడల్పు, లోతు ఆరేసి అడుగులు. అంటే ఆరు వేల వంద లీటర్లు. అద్దెకు తెచ్చిన డీజిల్ పంపు నిమిషానికి మూడు వందలు తోడుతుంది. ఇరవై నిమిషాల పని.

ఇరవై నిమిషాలు ఆడింది. నీళ్ళు మూత అంచునే ఉన్నాయి.

“బావా, నువ్వు లెక్కేసింది ఈ సంపుకేనా, లేకుంటే చెరువుకా?” అని నాగరాజు నవ్వాడు.

నాకు రోషం వచ్చింది. పంపు గొట్టాన్ని రెండు వందల లీటర్ల డ్రమ్ములో పెట్టి చూశాను. నలభై సెకన్లలో నిండింది. పంపుది తప్పు కాదు. తోడిన నీళ్ళు వాలు వెంట కాలువలోకే పోతున్నాయి, వెనక్కి రావడం లేదు. కుళాయి నీళ్ళా, వాన రోజు నుంచే బంద్.

యాభై నిమిషాలైనా అంగుళం దిగలేదు. నాగరాజు లుంగీ ఎగగట్టి సంపు అంచున కూర్చున్నాడు. “పంపుతో కాదప్పా, బకెట్లు తీసుకురా.”

లోపలి నుంచి మా ఆవిడ తమ్ముణ్ణి కేకేసింది. “ఒరే, పక్కింటోళ్ళు ఇచ్చిన చిత్రాన్నం చల్లారిపోతా ఉండాది. సంపు యాడికీ పారిపోదు, రండి!”

పంపు ఆపి లోపలికి వచ్చాం. ఇంకా కంచంలో చెయ్యి పెట్టలేదు, ఇల్లంతా అదిరింది.

పక్క ఖాళీ స్థలం వాళ్ళ ప్రహరీ, ఎనిమిదడుగుల సిమెంటు ఇటుకల గోడ, మూడు రోజులు నాని నిలువునా సంపు మీద పడింది. సంపు పైకప్పు పగిలి లోపలికి కూలింది. నా లెక్క ప్రకారం ఇరవై నిమిషాలకే నీళ్ళు అయిపోయి ఉంటే, ఆ సమయానికి నాగరాజు అడుగున వంగి మడ్డి ఎత్తుతుండాలి.

మా ఆవిడ తమ్ముడి వీపు మీద రెండు దెబ్బలు వేసి, వాణ్ణే పట్టుకుని ఏడ్చింది.

“కొడతావేందక్కా? నేను బాగానే ఉండాను కదా!” అన్నాడు వాడు.

దుమ్ము సర్దుకున్నాక సంపులోకి టార్చి వేసి చూశాను. ఇటుకలు, వాటి కింద బెత్తెడు మడ్డి. నీళ్ళు లేవు. చుట్టూ నేల మీద చిందిన తడి కూడా లేదు.

అడుగు పగిలి ఇంకిపోయాయనుకున్నాను. ఇటుకలన్నీ తీయించి, ఎక్కడా సిమెంటు పూయకుండా ట్యాంకరు నీళ్ళు నింపి రెండు రోజులు ఉంచాను. వేలెడు కూడా తగ్గలేదు.

ఇప్పుడు ఆ సంపు నీళ్ళతోనే స్నానాలు చేస్తున్నాం. నాగరాజు ఫోన్ చేసినప్పుడల్లా నా లెక్క మీద ఏదో ఒక జోకు వేస్తాడు. వాడి నవ్వు వింటే ప్రాణం కుదుటపడుతుంది. పోయిన సామాను గుర్తు కూడా రాదు.

కానీ సంపులో ఉన్నది ఆరు వేల వంద లీటర్లు. మేము బయటికి తోడింది పదిహేను వేలు. మిగతా ఎనిమిది వేల తొమ్మిది వందల లీటర్లకు నేను ఇప్పటికీ లెక్క చెప్పలేను.