వరసలో మొదటి కత్తి

గురజాలకు దగ్గర్లోని మా ఊళ్లో విజయదశమి నాడు అమ్మవారి ముందు ఆయుధాలు వరసగా పెడతారు. మొదటి చోటు మా ఇంటి కత్తిది. పొలాలు పోయాయి, మేడ పోయింది, నేను మాచర్లలో ఒక పురుగుమందుల షాపులో గుమస్తాగా చేస్తున్నాను. ఆ చోటు మాత్రం పోలేదు. పల్నాటి యుద్ధంలో మా పూర్వీకుడు పట్టిన కత్తి అని మా తాత చెప్పేవాడు. దాన్ని తుడవకూడదనేది మా ఇంటి ఆచారం. ఏటా పాత పసుపు మీదే కొత్త పసుపు పూసేవాళ్లం. నా కాలానికి కత్తి ఆకారం కూడా సరిగ్గా తెలిసేది కాదు.

రెండేళ్ల కిందట పండగ ఏర్పాట్ల కోసం ఊరివాళ్లు కూర్చున్నప్పుడు, రాళ్ల క్వారీ నడిపే ఒకతను, నాకు కొడుకు వరస, కొత్తగా చేయించిన వెండి పిడి ఖడ్గం తెచ్చాడు.

“బాబాయ్, ఆ పసుపు ముద్దలో కత్తుందో కట్టెపేడుందో ఎవరు చూశారు? ఈసారి మాది ముందు పెడదాం,” అన్నాడు. అందరూ నవ్వారు.

“పండగ నాటికి చూపిస్తాను,” అన్నాను.

మా వీధిలో రిటైరైన హవల్దారు ఒకాయన ఉన్నాడు. ఆయుధాల విషయంలో ఆయన మాట ఊరు కాదనదు. కత్తి తీసుకెళ్లి ఇచ్చాను. ఒక పూటంతా కిరసనాయిల్లో నానబెట్టి, గోనెపట్టాతో రుద్దాడు. పిడి దగ్గర ఇనుము మీద ఇంగ్లీషు అంకెలు, ఒక బాణం గుర్తు బయటపడ్డాయి.

“అబ్బాయ్, ఇది మిలిటరీ సరుకు. తుపాకీ మూతికి తగిలించే బాయ్‌నెట్. తెల్లోళ్ల కాలంది.”

“ఇంత పొట్టిగానా?”

“కోశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సిపాయిలు కందకాల్లో ఉండేవాళ్లు గదా. మూరెడు బాయ్‌నెట్ ఆ ఇరుకులో తిప్పేదానికి ఏడ కుదురుద్ది? కోసుకుని బాకులు చేసుకున్నారు. తర్వాత సైన్యాలే పొట్టి కత్తులు చేయించి ఇచ్చినయ్.”

“దీంతో మనుషుల్ని చంపారంటారా?”

“ఏమో. నా సర్వీసంతా నా కత్తితో నేను పొడిచింది పాలడబ్బాల్నే. తాళ్లు కోశా, పుల్లలు చీల్చా, ఉల్లిపాయలు తరిగా. సిపాయి కత్తికి చానావరకు అదే పని.”

మా వంశంలో సైన్యానికి వెళ్లినవాళ్లు లేరు. ఊరి పెత్తనం మాది. మనుషుల్ని పంపేవాళ్లం, వెళ్లేవాళ్లం కాదు. వెళ్లొచ్చిన ఎవడి కత్తో మా ఇంటికి చేరింది. అతను ఇచ్చాడో, మేం తీసుకున్నామో చెప్పేవాళ్లు ఇప్పుడు లేరు.

“మళ్లీ పసుపు పూసెయ్. నేనెవరికీ చెప్పన్లే,” అన్నాడు హవల్దారు.

మంచికే అన్నాడు. నాకు నచ్చలేదు.

పండగ రోజు కత్తిని తుడిచింది తుడిచినట్టే పట్టుకెళ్లి, అది ఏమిటో అందరి ముందూ చెప్పాను. క్వారీ అతనే ముందు తేరుకున్నాడు.

“పోనీలే బాబాయ్, నేనేదో ఎగతాళికన్నా. ఇన్నేళ్లు పూజ చేసిందేగా, ముందే పెట్టు.”

“అది మాకు హక్కుగా వచ్చిన చోటు. నువ్విస్తే తీసుకునేది కాదు.”

“అబ్బో! ఏందీ బిగువు!” అని వెనక నుంచి ఎవరో ఆడమనిషి అన్నది.

కొడవళ్లు, గొడ్డళ్లు, డ్రిల్లింగు మిషను పానాలు దాటుకుంటూ వెళ్లి కత్తిని వరస చివర పెట్టాను. పూజారి బొట్లు పెట్టడం క్వారీ అతని ఖడ్గం దగ్గర మొదలుపెట్టాడు. నా దాకా వచ్చేసరికి కుంకుమ అయిపోయింది. తెచ్చేదానికి మనిషిని పంపారు. ఈలోగా కూర్చోమని ఎవరో కుర్చీ వేశారు. నేను నిలబడే ఉన్నాను.