వెలుగు రాందే నొక్కడు

మామయ్యకి ఒకటే జబ్బు. వెలుగు కుదరందే ఫొటో తియ్యడు. కొంగ వచ్చి, చేపని పట్టి, తిని, మూతి తుడుచుకుని ఎగిరిపోయినా సరే, కెమెరా వెనక నుంచి "ఇంకా రాలేదు" అంటాడు.

చెరువులూ పిట్టలూ తీసే ఆ మనిషిని ఎవరో పెళ్ళికి పిలిచారు. ఆయన కిటికీ వంక చూస్తూ కూర్చునేసరికి పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ భోంచేసి బండెక్కేశారు. మామయ్య తీసిందల్లా ఎండ పడ్డ ఓ మంచినీళ్ళ గ్లాసు.

"పెళ్ళి మొత్తంలో కుదురుగా ఉన్నది ఇదొక్కటే" అని దబాయించాడు కూడా.

"మీ వెలుగొచ్చేలోగా నా జుట్టు నెరిసిపోయింది" అంటుంది అత్తయ్య.

"నెరిసిన జుట్టు మీద ఇంకా బాగుంటుందే!"

అలాంటివాడు, బావగారు రిటైరైన సందర్భంగా ఇంటిల్లిపాదికీ సరస్సు ఒడ్డున ఫొటో తీస్తానన్నాడు. చిన్న మేనకోడలికి ఏ సంబరమూ లేదు. ఆ ఫొటోలో అక్క ఉండదు మరి. అక్క టీచరుద్యోగం మానేసి, అదే సరస్సులో జనాన్ని దాటించే మోటారు పడవ నడుపుతోంది. "పడవలు తోలేవాళ్ళు నా ఇంటి ఫొటోలో ఉండరు" అని నాన్న తేల్చి చెప్పేశాడు. ఏడాదిగా తండ్రీకూతుళ్ళకి మాటల్లేవు.

ఆ సాయంత్రం అందరూ ఒడ్డున నిలబడ్డారు. నీళ్ళు బంగారంలా మెరుస్తున్నాయి. ఇంతకంటే మంచి వెలుగు ఉండదని చిన్నదానికే తెలిసిపోతోంది.

"నొక్కవయ్యా!" అన్నాడు నాన్న.

"రాలేదు బావా."

"మొహం మీద కొడుతోంటే రాలేదంటావేం?"

"మొహం మీద పడితే చాలదు. ఉన్నదాన్ని ఎవడైనా చూస్తాడు, రావలసినదాన్ని చూడాలి" అని మామయ్య నీళ్ళకేసే చూస్తున్నాడు.

సూర్యుడు కాస్తా దిగిపోయాడు. నాన్న కొత్త బూట్లు బురదలోకి దిగిపోయాయి.

"కెమెరా తీసి నీళ్ళలో గిరాటేస్తా!"

"వెయ్యి. దాని వెనకే నేనూ దూకుతా. నొక్కను మాత్రం నొక్కను."

అంతలో ఆఖరి పడవ డబడబమంటూ ఒడ్డుకొచ్చింది. నూనె మరకల చొక్కాతో అక్క!

"దిగవే, వచ్చి నిలబడు" అన్నాడు మామయ్య.

"నాన్న పిలిస్తేనే దిగుతా."

"ఏమిటయ్యా ఈ నాటకం?" అని నాన్న అరిచాడు.

"నాటకమే బావా! అది లేని ఫొటో నేను తియ్యను. కావాలంటే ఇంకెవణ్ణైనా పిలుచుకో."

నాన్న విసురుగా వెనక్కి తిరిగాడు. ఆయన తిరిగాడుగానీ బూట్లు తిరగలేదు. పడబోతుంటే అక్క ఒక్క దూకు దూకి చెయ్యి పట్టుకుని లాగింది. బూట్లు బురదలోనే ఉండిపోయాయి, నాన్న మేజోళ్ళతో బయటపడ్డాడు.

"చెయ్యి ఇంత గట్టిపడిందేమే?" అన్నాడు నాన్న, ఆ చేతిని తిప్పి చూస్తూ.

"రోజూ చుక్కాని పడతాను కద నాన్నా."

"సరే, వదలకు. మళ్ళీ దిగబడతాను." అలాగే కూతురి చెయ్యి పట్టుకుని అందరి మధ్యలోకి వచ్చి నిలబడి, "చీకటి పడిపోయిందయ్యా, ఇంకేం తీస్తావ్?" అన్నాడు.

మామయ్య ఆకాశం వంక చూడనైనా చూడకుండా అప్పటికే నొక్కేశాడు.