గ్యారేజ్‌లో రెండో పొయ్యి

నార్త్ కెరొలైనాలో హారతి పట్టే చేయైనా, బైబిలు పట్టే చేయైనా, ఏప్రిల్ దగ్గరపడేసరికి నా గుమ్మం ఎక్కవలసిందే. అర్చకుల, పాస్టర్ల టాక్స్ రిటర్నులు నాలా చేసేవాడు ఈ రాష్ట్రంలో మరొకడు లేడు.

సరే, కొంచెం తగ్గిస్తాను. వచ్చింది మొత్తం ముగ్గురు. పాస్టరుగారు ఒక్క ఏడాది వచ్చి అల్ఫారెట్టాకు మారిపోయారు. ఇంకొకాయన ఎందుకు మానేశారో చెప్పలేదు, నేనూ అడగలేదు. మిగిలింది మోరిస్‌విల్ అర్చకుడుగారు ఒక్కరే.

అర్చకులకు గుడివాళ్ళు జీతంతోపాటు ఇంటి భత్యం ఇస్తారు. అందులో ఉంటున్న ఇంటి అద్దెకూ, కరెంటుకూ, సామానుకూ నిజంగా ఖర్చయిన మేరకు ఆదాయపు పన్ను ఉండదు. ఖర్చు మాత్రం ఇంటిదే అయ్యుండాలి. ఒక ఏడాది ఈయన తెచ్చిన రసీదుల్లో కొత్త పొయ్యి ఒకటీ, ఫ్రిజ్ ఒకటీ కనిపించాయి.

"పాతవి పాడయ్యాయాండీ?" అన్నాను.

"లేదండీ, అవీ ఉన్నాయి. ఇవి గ్యారేజ్‌లో పెట్టాం."

"గ్యారేజ్‌లో వంటా?"

"ఏదో... వీలుగా ఉంటుందని," అన్నారు, గోడ వైపు చూస్తూ.

ఆ గోడ చూపుతోనే నన్ను అనుమానం తొలచడం మొదలుపెట్టింది. మా వాట్సాప్ గ్రూపులో ప్రతి శుక్రవారం ఎవరో పేరు లేకుండా మెసేజ్ పెడుతుంటారు: 'రేపు పులిహోర, దద్దోజనం, పికప్ మోరిస్‌విల్.' అర్చకుడు కాక ఇంకెవరు? ఆయన ఉన్నది గుడి ఇప్పించిన వీసా మీద. గ్రీన్‌కార్డ్ ఫైల్ నడుస్తోంది. పక్కన వంటల వ్యాపారం బయటపడితే ఆ ఫైల్ అక్కడితో సరి. రిటర్ను కింద సంతకం నాది.

శనివారం పొద్దున్నే ఆయన సంతకమూ కావాలన్న వంక పెట్టుకుని, ఫోన్ చేయకుండా వెళ్ళాను. గ్యారేజ్ తలుపు సగం లేచి ఉంది. ఇంగువ పోపు వాసన. వంగి చూస్తే తడిబట్టతో అర్చకుడుగారు, పొయ్యి ముందు.

"అక్కడే ఆగండి! ముట్టుకోకండి, మడి!"

"దొరికారు స్వామీ! ఎంతమందికి ఈ వంట?"

"నాకొక్కడికే."

గిన్నె చిన్నదే. పెద్దది ఎక్కడో దాచి ఉంటారని మూలలన్నీ చూశాను. "పులిహోర ఏదీ?"

"పులిహోరేమిటండీ! ఇది పప్పు."

అప్పుడు గట్టిగా నిలదీశాను. చెమటలు తుడుచుకుంటూ ఒప్పుకున్నారు. లోపలి పొయ్యి మీద పిల్లలకు ఆమ్లెట్లు వేస్తారట. స్కూల్లో అలవాటైంది, మాన్పించలేకపోయారు. ఆ పొయ్యి మీద వండింది ఈయన నోట పెట్టలేరు.

"గుడి కమిటీకి తెలిస్తే ఉద్యోగం ఉండదండీ. ఉద్యోగంతోపాటు గ్రీన్‌కార్డూ పోతుంది," అన్నారు.

అప్పటికీ నమ్మలేదు. లోపలికి వెళ్ళి ఫ్రిజ్ తెరిపించాను. గుడ్లు, డబ్బా నిండా. పులిహోర మెసేజ్‌లు పక్క వీధిలో ఎవరో ఇల్లాలివని తరవాత తెలిసింది.

తన తిండి తాను వండుకునే పొయ్యి ఇంటి సామాను కాక ఏమవుతుంది? లెక్కలో వేసి సంతకం పెట్టాను.

కానీ గ్యారేజ్ పోపు వాసన నా ముక్కుకే తగిలిందా? పది రోజులు తిరక్కుండానే కమిటీ ప్రెసిడెంటు గుడిలో పట్టుకున్నాడు. "అంకుల్, మన పంతులుగారు గ్యారేజ్‌లో కుకింగ్ చేస్తున్నారట. సైడ్ బిజినెస్సా?"

"మడి నాయనా, మడి! ఇంత నిష్ఠగల అర్చకుడు దొరకడం మీ అదృష్టం," అన్నాను. అతను అక్కడికక్కడే చెంపలు వేసుకున్నాడు. అబద్ధం ఒక్క ముక్క లేదు చూడండి. గుడ్లు అతను అడగలేదు.

ఇప్పుడు అర్చకుడుగారికి కార్డ్ వచ్చింది, వేరే రాష్ట్రానికి వెళ్ళిపోయారు. అందుకే ఇదంతా ధైర్యంగా రాసి, మా ఆవిడకు చదివి వినిపించాను.

"నిలదీశారా? ఎవరు, మీరా?" అంది. "ఆయన 'ముట్టుకోకండి' అని కేకేయగానే మీరు తిరిగి కారెక్కబోయారట. ఊరంతా ఏం చాటుతారోనని వాళ్ళావిడే చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి ఉన్నది చెప్పింది. ప్రెసిడెంటుకి మడి అని చెప్పింది కూడా మీరు కాదు, నేనే. మీరప్పుడు ప్రసాదం లైన్లో ఉన్నారు."