కార్డు మీద సైదమ్మ వయసు

2001 ఫిబ్రవరిలో సత్తెనపల్లి కంటి శిబిరానికి నన్ను సర్జన్‌గా వేశారు. ఆ రోజు నేను చేసిన తప్పుకు కలం ఒక్కసారి తిప్పడం సరిపోయింది. ఒక రోగి కార్డు మీద 34 అని ఉన్న వయసును 64గా దిద్దాను.

శిబిరంలో ముందు కార్డు రాస్తారు. శుక్లం ఉందని తేలినవాళ్ళను బస్సులో గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళి మర్నాడు ఆపరేషన్ చేస్తాం. నలభై లోపు వయసులో శుక్లం వస్తే ముందు ఫిజీషియన్ చూసి కారణం తేల్చాలి. అరవై దాటితే ఆ పని లేదు, వయసే కారణం. నేరుగా ఆపరేషన్ వరుసలోకి పంపేస్తాం.

సైదమ్మను ఆమె అన్న మస్తాన్ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. అతను దూది ఏకి పరుపులు కుట్టేవాడు. నలభై ఏళ్ళున్నా తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు. ఆమె జుట్టు మాత్రం పూర్తిగా నెరిసింది. ముఖం మీద చర్మం బిగుసుకుని ముక్కు సూదిలా తేలింది. గొంతు కీచుమంటోంది.

"మీ అమ్మను ఈ స్టూలు మీద కూర్చోబెట్టవయ్యా" అన్నాను.

"మా అమ్మ కాదండీ, చెల్లెలు. నాకంటే ఆరేళ్ళు చిన్నది."

వరుసలో ఎవరో అందుకున్నారు. "చెల్లెలేందిరా మస్తానూ, నీ నాయనమ్మలా ఉంటేనూ!"

సైదమ్మ మాట వచ్చినవైపు తిరిగింది. "కళ్ళు కనపడకే గదరా నువ్వూ ఇక్కడికొచ్చింది!"

అందరితోపాటు నేనూ నవ్వాను. నవ్వుతూనే మూడును ఆరు చేశాను. పల్లెటూరివాళ్ళకు వయసు లెక్క తెలియదని అప్పట్లో నాకు గట్టి నమ్మకం.

ఆమె మిరప కల్లాల్లో తాలుకాయలు ఏరేది. అంటే, రంగు పోయి తెల్లబడిన కాయలను ఎర్రకాయల్లోంచి వేరు చేసే పని. చూపు మసకబారి రెండూ ఒకేలా కనిపించడంతో మేస్త్రి రావద్దన్నాడు. చూపు వస్తే పని దొరుకుతుందని శిబిరానికి వచ్చింది.

మర్నాడు కుడికన్ను నేనే చేశాను. అప్పటి మా పద్ధతిలో పెద్ద కోత, ఐదు కుట్లు. నా చేతిలో వేలకొద్దీ కళ్ళు బాగుపడ్డ పద్ధతే అది. ఎనిమిదో రోజున కోత విచ్చుకుని లోపలి నల్లపొర బయటకు వచ్చింది. మళ్ళీ కుట్టినా కన్ను దక్కలేదు. వెలుతురు తప్ప మరేమీ తెలియదు.

మొదటిరోజే అడగాల్సిన ప్రశ్నలు అప్పుడు అడిగాను. జుట్టు ఇరవై దాటగానే నెరిసింది. పన్నెండేళ్ళకే ఎదుగుదల ఆగింది. చీలమండ మీద పుండు ఏడాదిగా మానలేదు. తల్లిదండ్రులది మేనరికం. మా ఫిజీషియన్ వెర్నర్ సిండ్రోమ్ అని, అంటే వయసుకు ముందే ముసలితనం తెచ్చే పుట్టుజబ్బని అనుమానించాడు. పసిపిల్లలకు ముసలి రూపు తెచ్చే జబ్బు వేరు. ఇది యౌవనంలో మొదలవుతుంది. గాయాలు తొందరగా మానవు. వయసు సరిగా రాసి ఉంటే ఆమె ముందు ఫిజీషియన్ దగ్గరికే వెళ్ళేది, నేను అంత పెద్ద కోత పెట్టేవాణ్ణి కాదు.

ఆమె చర్మం ముక్కను హైదరాబాదులో ఒక ప్రయోగశాలకు పంపాను. అక్కడ పెంచిన కణాలు, మామూలు కణాలకంటే చాలా ముందే విభజన ఆపేశాయి. ఆ ఫలితం పట్టుకుని, ఎడమకంటి శుక్లం కూడా తీయించుకోమని అడగడానికి జులైలో వాళ్ళింటికి వెళ్ళాను.

మస్తాన్ పరుపు కుడుతున్నాడు, లేవలేదు. "ఉన్న ఒక్క కన్నూ మీకే అప్పజెప్పమంటారా?" అన్నాడు.

తప్పు నాదేనని, వయసు దిద్దింది నేనేనని చెప్పాను. తర్వాత అతని చేతిలోని దారం చూపించి జబ్బు గురించి వివరించాను. ప్రతి కణంలోనూ రెండు పోగులు పురి వేసుకున్న దారం లాంటిది ఉంటుంది. కణం రెండు కావాలన్నా, ఆ దారం ఎక్కడైనా దెబ్బతింటే అతుకు వేయాలన్నా ముందు పురి విప్పాలి. విప్పే మాంసకృత్తులు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి ఈమెకు పుట్టుకతోనే పనిచేయదు. అతుకు పడని దెబ్బలు పోగుపడి కణాలు ముందుగానే అలసిపోతాయి.

"అయితే మిరప ఘాటుకి ముసలిదాన్నయ్యానని ఊళ్ళో అనేది అబద్ధమేగా?" అంది సైదమ్మ.

"అబద్ధమే."

"ఇప్పుడైనా నా వయసు నమ్మారా బాబూ?"

కొత్త కార్డు తీసి ఆమె ఎదుటే 34 అని రాశాను.

"సరే, వస్తాను. చెయ్యి మాత్రం మీది కాకూడదు" అంది.

ఆ షరతు న్యాయమైనదే. ఆగస్టులో ఎడమకన్ను నా సహోద్యోగి చిన్న కోతతో చేశాడు. నేను పక్కన అసిస్టెంటుగా నిలబడ్డాను. గాయం మానడాన్ని ఆలస్యం చేసే స్టెరాయిడ్ చుక్కలు తగ్గించి, కుట్లు ఎక్కువ కాలం ఉంచి, మూడు వారాలు వార్డులోనే చూసుకున్నాం. కోత నిలిచింది.

తర్వాతి తనిఖీకి వచ్చినప్పుడు ఆమె కొంగుముడి విప్పి నా బల్ల మీద గుప్పెడు మిరపకాయలు పోసింది. "ఏరండి చూద్దాం" అంది. నాకు తొమ్మిది తాలుకాయలు దొరికాయి. ఆమె ఇంకో రెండు తీసి పక్కన పెట్టింది. ఆ సీజనులో మేస్త్రి ఆమెను మళ్ళీ పనిలోకి తీసుకున్నాడు.

జబ్బుకు మందు లేదు, ఈనాటికీ లేదు. ఏటా షుగరు, గుండె, కాలిపుండు చూసే ఏర్పాటు చేయించాను. ఆసుపత్రి నెలవారీ సమావేశంలో ఈ కేసును నా తప్పుగా, నా పేరుతోనే చదివాను. శిబిరం కార్డులో వయసు గడిని రెండు చేయించాను: చెప్పిన వయసు, కనిపించే వయసు. మొదటిదాన్ని ఎవరూ దిద్దకూడదు. రెండింటికీ పదేళ్ళకు మించి తేడా ఉంటే, ఎందుకో తేలేదాకా ఆపరేషన్ చేయకూడదు. నేను రిటైరయ్యేదాకా ఆ కార్డులే వాడాం.