ఆరుగురి బరువు

మామయ్య పోయారన్న కబురు నాకు ఇంటి నుంచి రాలేదు, రోడ్డు మీద నుంచి వచ్చింది. వాగు దగ్గరి గూడెం నుంచి ఒకామె ఫోన్ చేసి, "మేడమ్, పెద్దాయన జీపు ఇంకా రాలే. గింత ఆలస్యం ఎన్నడూ చేయడు. జర ఫోన్ చేసి చూడరాదుండ్రి" అంది. చేశాను. ఎత్తలేదు. ఊళ్ళో ఆయన పక్కింటివాళ్ళను వెళ్ళి చూడమన్నాను. వరండాలో కుర్చీలో, కాళ్ళకు చెప్పులతో, ఇప్పుడే లేచి బయల్దేరబోతున్నట్టు ఉన్నారట. గుండె ఆగిందన్నారు డాక్టరు.

కర్మకాండల రోజుల్లో వచ్చినవాళ్ళంతా ఒకటే మాట. ఎంత ధర్మాత్ముడండీ, దారినపోయే వాళ్ళందరినీ ఊరికే జీపెక్కించుకుని తీసుకుపోయేవారు అని. నేను తల ఊపుతూ కూర్చున్నాను. కానీ మామయ్య ఈ మాట వింటే ఒప్పుకునేవారు కాదు. ఎవరైనా దణ్ణం పెట్టబోతే, "అవసరం నాది. ముందు ఎక్కి కూర్చో" అని కసిరేవారు. ఆ అవసరం ఏమిటో తెలిసినవాళ్ళం ఇప్పుడు కొద్దిమందిమే మిగిలాం. అందుకే ఇది రాస్తున్నాను.

మామయ్య, అంటే మా ఆయన నాన్న, మిరప రైతు. ఆయన తండ్రి కోస్తా నుంచి వచ్చి ఈ అడవి అంచున పొలం కొన్నారు. మా ఊరికీ భద్రాచలానికీ మధ్య ఒక వాగు. దాని మీద వంతెన లేదు, నేలకు ఆనించి కట్టిన చప్టా ఉంది. వానాకాలంలో దాని మీదుగా నీళ్ళు పారుతూనే ఉంటాయి. నేను భద్రాచలంలో కాలేజీలో పాఠాలు చెబుతాను, రెండో అంతస్తులో అద్దెకుంటాను. మా ఆయనది మణుగూరులో గని ఉద్యోగం. సెలవు దొరికినప్పుడు వచ్చిపోతుంటారు.

అత్తయ్యకు కిడ్నీలు రెండూ చెడిపోయాయి. వారానికి మూడుసార్లు ఆస్పత్రిలో రక్తం శుద్ధి చేయించాలి. ఇంకేముంది, ఇద్దరినీ మా ఇంటికి తెచ్చుకున్నాం. ఒక వానాకాలమంతా ఉన్నారు. వంటింటి కిటికీలోంచి చూస్తే పక్క మేడ మీది నీళ్ళ ట్యాంకు తప్ప ఏమీ కనబడదు. అత్తయ్య దాన్నే చూస్తూ కూర్చునేది. మామయ్య బాల్కనీలో ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచేవారు. వీధిలో ట్రాక్టరు చప్పుడైతే చాలు, వంగి చూసేవారు.

"అమ్మాయ్, ఈ మెట్లు దిగితే ఆస్పత్రికి, ఎక్కితే ఆస్పత్రి నుంచి. జైల్లో వాళ్ళనైనా చూడ్డానికి ఎవరో ఒకరు వస్తారు గదే" అంది అత్తయ్య ఒకసారి. నవ్వుతూనే అంది. ఆ వెంటనే, నవ్వకుండా, "నన్ను మా ఇంటికి తీసుకుపొమ్మను" అంది.

మామయ్య మర్నాడే ఊరెళ్ళి, మిరప బస్తాలు మోసే పాత జీపు తెచ్చి భద్రాచలంలో మెకానిక్ ముందు పెట్టారు. చప్టా మీద నీళ్ళున్నా ఇంజన్ తడవకుండా దాటేట్టు బండిని ఎత్తించాలి. మెకానిక్ నాలుగు చక్రాల దగ్గరా బండి బరువు మోసే కమాన్ కట్టలకు కొత్త ఇనప పట్టీలు జోడించి ఎత్తాడు. జీపు కొంగలా పైకి లేచింది. అత్తయ్య ఎక్కడానికి ముక్కాలి పీట వేయాల్సి వచ్చింది. వెనక ఒకవైపు బల్ల మీద పరుపు పరిచి ఆమెను పడుకోబెట్టాం. తలవైపు నేను కూర్చున్నాను.

ఆ మొదటి ప్రయాణం తలుచుకుంటే ఇప్పటికీ నా పళ్ళు బిగుసుకుంటాయి. ఆ జబ్బులో ఎముకలు గుల్లబారతాయి. ప్రతి గుంతకూ బండి ఎగిరి పడుతుంటే అత్తయ్య కొంగు నోట్లో కుక్కుకుంది. చప్టా మాత్రం హాయిగా దాటాం. ఇంటి ముందు దింపేటప్పుడు చూస్తే పెదవి చిట్లి కొంగుకు నెత్తురంటింది. మామయ్య అది చూసి పీట పట్టుకుని అలాగే నిలబడిపోయారు. మా మేడ మీద ఉంటే గాలాడక చచ్చిపోతుంది, ఊళ్ళో ఉంటే దారిలోనే చచ్చిపోతుంది. మూడో దారి మాకెవరికీ కనబడలేదు.

కనబడింది సంత రోజున. గూడేల నుంచి సంతకు పోయేవాళ్ళు రోడ్డు మీద చెయ్యెత్తితే, మొహమాటానికి ఆపి అందరినీ ఎక్కించుకున్నారట. ఎదుటి బల్ల మీద, కింద, వెనక చెక్క మీద, ఎక్కడ పడితే అక్కడ మనుషులు. ఆస్పత్రి దగ్గర దిగుతూ అత్తయ్య, "ఇవాళ బాగా తోలారండీ" అంది.

"రోజూ తోలినట్టే తోలాను."

"లేదు. ఇవాళ మెత్తగా వచ్చింది."

బరువెక్కితే బండి ఎగరదని తెలిసింది. అప్పటి నుంచి మామయ్య రోడ్డు పక్కన మనుషుల్ని వెతకడం మొదలుపెట్టారు. కిరాయి ఇస్తామంటే కోప్పడేవారు. లావుపాటి మనిషి కనబడితే మొహం వెలిగిపోయేది. ఎరువుల కొట్టాయన ఒకరుండేవారు, కాస్త భారీ మనిషి. ఆయన దూరంగా కనబడగానే, "రావయ్యా రా, నువ్వొక్కడివే ముగ్గురి పెట్టు" అని హారను కొట్టేవారు. "ఏంది సారూ, మనిషినా మిరప బస్తానా నేను?" అని ఆయన గొణుగుతూనే ఎక్కేవారు.

వీలైనప్పుడల్లా నేనూ ఆస్పత్రి నుంచి ఊరి దాకా వెంట వెళ్ళేదాన్ని. అయితే తిరుగు ప్రయాణంలో వాళ్ళంతా ఎవరి ఊళ్ళో వాళ్ళు దిగిపోయేవారు. ఒక్కొక్కరు దిగేకొద్దీ బండి కఠినమయ్యేది. చప్టా దాటాక మా ఊరి దాకా ఉన్న చివరి ముక్క, అసలే పాడైన రోడ్డు, పూర్తి ఖాళీ. అప్పటికి అత్తయ్యలో ఓపిక కూడా ఖాళీ. ఇలా కాదు, సరిగ్గా బాగు చేయించండి నాన్నా అని మా ఆయన పట్టుబట్టారు.

మామయ్య మెకానిక్‌ను అత్తయ్య పరుపు మీద పడుకోబెట్టారు. నేను చూశాను గనక చెబుతున్నాను. "ఎందుకు సార్, కూసుంట గద" అంటే, "కూర్చుంటే తెలియదు, పడుకో నాయనా" అన్నారు. ఆ గుంతల రోడ్డు మీద చప్టా దాకా తీసుకుపోయి తెచ్చారు. దారంతా లోపలి నుంచి కేకలు. "సార్, ఆపుండ్రి సార్! నా నడుం ఇరిగింది! అమ్మతోడు ఆపుండ్రి!"

"నీది ముప్ఫయ్యేళ్ళ నడుం. మా ఇంటామెది లెక్కేసుకో" అన్నారు మామయ్య, ఆపకుండా.

మెకానిక్ దిగి, నడుం పట్టుకుని, కాస్త కోపంగానే చెప్పాడు. "నేను ఇరవై మందికి లెక్కగట్టి పట్టీలు ఏసిన సార్. గీ రోడ్ల మీద ఖాళీ జీపు ఎవడు తోల్తడు? ఎత్తమంటే ఎత్తిన. ఎంతమంది కూసుంటరో మీరు చెప్పలే, నేను అడగలే." నిజమే. ఆ దారిలో టాపు మీద కూడా మనుషుల్లేని జీపును అతనెప్పుడూ చూసి ఉండడు. ఇద్దరు ముసలివాళ్ళ కోసం జీపు ఉంటుందని అతనికి తోచలేదు. అసలు తప్పు ఇంకొకటుంది. బండిని ఎత్తాడు గానీ పాత షాకబ్జర్లే ఉంచేశాడు. "కమాను పైకి నూకుతది. షాకబ్జరు దాన్ని పట్టి నిదానం చేస్తది. బండి లేశింది, షాకబ్జరు పొట్టిదయింది. గుంత రాంగనే చివరిదాక సాగి ధన్‌మని గుంజుతది. రెండూ జోడు కుదరాలె సార్" అన్నాడు. ఒక్కో చక్రానికి రెండేసి పట్టీలు తీసేసి, ఖమ్మం నుంచి పొడుగు షాకబ్జర్లు తెప్పించి వేశాడు.

బండి నిజంగానే మెత్తబడింది. అత్తయ్యా నేనూ తప్ప ఎవరూ లేకపోయినా గుంతలో దిగి, లేచి, ఊరుకునేది. ఆ రోజు నేనెంత సంతోషించానో! కానీ పట్టీలు తీసేసిన కమాన్ల మీద మనుషులెక్కితే బండి కిందికి కూర్చుంటుంది. కూర్చుంటే చప్టా మీద నీళ్ళు ఇంజన్‌ను తాకుతాయి. ఇంక ఎవరినీ ఎక్కించుకోవడానికి లేదు. గూడేల దగ్గర అలవాటుగా చేతులు లేచేవి. మామయ్య రోడ్డు మీద గుంతేదో ఉన్నట్టు రెండో వైపు చూస్తూ పోయేవారు. లేచిన చేతులు మెల్లగా కిందికి దిగడం వెనక కూర్చున్న మాకు కనబడేది. వాళ్ళు తిట్టలేదు. ముసలామెకు బాగలేదు గద అనుకుని ఉంటారు. తిట్టినా బాగుండేది.

అత్తయ్య మాటలు తగ్గాయి. ఒకరోజు బల్ల మీద నుంచే, "ఏమండీ, ఆ పట్టీలు మళ్ళీ వేయించండి" అంది.

"నొప్పి తగ్గింది గదా!"

"తగ్గింది. మెత్తగా పోతున్నాం, శవాన్ని తీసుకుపోయినట్టు."

మామయ్య బండి పక్కకు ఆపేశారు. ఆ బల్ల మీద పడుకుని ఆమె ఎవరి కూతురు ఎక్కడ పనికి పోయిందో, ఏ గూడెంలో అడవిపంది చేను తొక్కిందో, ఎరువుల కొట్టాయన మళ్ళీ ఎవరితో తగవు పడ్డాడో వినేది. వారానికి మూడుసార్లు దొరికే లోకం అదే. దాన్ని తీసేసి మేం ఆమె నడుముకు సుఖం ఇచ్చాం.

ఈసారి అత్తయ్య కూడా మెకానిక్ దగ్గరకొచ్చింది. అతను తల గోక్కున్నాడు. "మంది రోజూ దొరకాలె గదమ్మా. బరువే కావాల్నంటే ఇసుక బస్తాలు ఏసుకుంటే అయిపాయె."

"ఇసుకతో నేనేం మాట్లాడను నాయనా?" అంది అత్తయ్య.

అతను నవ్వాడు. "సరే. గట్లయితే ఎంతమందో చెప్పు. గంతకే జోడు కుదురుస్త. తక్కువైతే ఎగుర్తది, ఎక్కువైతే కూసుంటది. మళ్ల నన్నేమనొద్దు."

"ఆరుగురు" అంది అత్తయ్య, ఎప్పుడో లెక్కపెట్టుకున్నట్టు. చక్రానికొక పట్టీ మళ్ళీ ఎక్కింది. షాకబ్జర్లు దానికి తగ్గవి వచ్చాయి.

అలా మామయ్య ఇంకో బోనులో పడ్డారు. ఆస్పత్రి రోజున పొద్దున్నే ఆరుగురు దొరకాలి. దొరక్కపోతే బండి ఎగురుతుంది. దొరికేదాకా ఆగితే ఆస్పత్రిలో అత్తయ్య వంతు పోతుంది. మిరపకాయ కోతల రోజుల్లో రోడ్డు మీద పురుగు కూడా ఉండదు. ఒకసారి చేలోకి దిగి, "భద్రాచలం వస్తారా ఎవరైనా?" అని కూలీలను పిలిచారట. "మాకు ఆడ పనేముంది సారూ?" అంటే, "మీకు లేదు, నాకుంది" అన్నారట. నవ్వుకుంటూ ముగ్గురు ఎక్కారు, వాళ్ళతో ఒక మేకపిల్ల. ఆస్పత్రి గేటు దగ్గర గడియారం చూసుకుంటూ నిలబడ్డ నాకు, ఆలస్యంగా వచ్చిన జీపులోంచి ముందు ఆ మేకపిల్ల దిగింది.

నాకు అనుమానాలు ఎక్కువ. అప్పుడూ ఉండేవి, ఇప్పుడు ఇంకా పెరిగాయి. అసలు బండి ఎత్తించింది అత్తయ్య కోసమా, ఆ బాల్కనీలో ఊపిరాడక తన కోసమా? మా ఇంట్లోనే ఉండి ఉంటే ఆమె ఇంకొన్నాళ్ళు బతికేదా? ఆ గూడేల మనుషులకు మా బండి ఎక్కడం సుఖమా, మొహమాటమా? పొలం ఉన్న పెద్దాయన ఎక్కమంటే ఎక్కనని ఎవరంటారు? ఒకసారి ఈ చివరిది ఆయన్నే అడిగేశాను. "నాకూ తెలియదమ్మా. మొహమాటమా అని అడిగితే లేదంటారు. అందుకని అడగను" అన్నారు.

అత్తయ్య ఆ తర్వాతి ఎండాకాలంలో పోయింది. ఇంక ఆ పట్టీలు తీయించేయండి, మీకైనా నడుం మిగులుతుంది అన్నాను. "ఎందుకూ, మనుషులున్నారుగా" అన్నారు మామయ్య. ఆస్పత్రి రోజుల్లో భద్రాచలం రావడం మానలేదు.

ఒకటి మాత్రం చెబుతాను, అత్తయ్య ఉండగా ఒక మధ్యాహ్నం చూసింది.

ఆ రోజు రక్తం శుద్ధి బాగా కష్టమైంది. మధ్యలో బీపీ పడిపోయింది. అప్పటికి ఎన్నో వారాలుగా ఆమెకు నిద్ర లేదు. కాళ్ళు లాగేస్తాయని రాత్రంతా మంచం మీద కూర్చునే ఉండేది. తిరిగి ఊరికి వెళ్తుంటే, మొన్న నాకు ఫోన్ చేసిన ఆ గూడెం ఆమే, అత్తయ్య తలను తన ఒళ్ళోకి తీసుకుంది. నేను కాళ్ళు పట్టుకున్నాను. వాన వెలిసింది. కాసేపటికి సన్నగా గురక వినబడింది. మామయ్య అద్దంలోంచి చూశారు.

మొదటి ఊరొచ్చింది. దిగాల్సిన మనిషి ఎరువుల కొట్టాయన. బండి నెమ్మదించింది. ఆయన సంచి భుజానికెత్తుకుని సగం లేచి, అత్తయ్యను చూసి, బల్ల మీద మళ్ళీ జాగ్రత్తగా కూర్చుని, పోనీయమన్నట్టు చెయ్యూపారు. రెండో ఊళ్ళో దిగాల్సిన ఇద్దరూ లేవనేలేదు. వాగు దగ్గర రోడ్డు మీద గూడెం ఆమె కూతురు నిలబడి ఉంది. బండి ఆగకుండా దాటిపోతుంటే, ఆమె ఒళ్ళో తల కదలకుండా ఒక్క చెయ్యి ఎత్తి, ఇంటికి పో, వస్తానని సైగ చేసింది. పిల్ల అర్థం కాక చూస్తూ ఉండిపోయింది. చప్టా దాటాం. ఆ చివరి ముక్క అంతా, మొట్టమొదటిసారి, ఆరుగురితో దాటాం. గురక ఆగలేదు.

ఇంటి ముందు మామయ్య ఇంజన్ ఆపారు. ఒక్కరు దిగినా బండి కదులుతుంది. ఎవరూ దిగలేదు. ఒకాయన చేతిలో కోడి ఉంది, అది కూయకుండా ముక్కును రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. ఎరువుల కొట్టాయన మోకాళ్ళ మీద సంచి పెట్టుకుని రోడ్డువైపు చూస్తున్నారు. గూడెం ఆమె కాలికి తిమ్మిరెక్కినట్టుంది, పళ్ళబిగువున ఓర్చుకుంటోంది. ముందు సీట్లో మామయ్య వీపు కనబడుతోంది. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. ఆయన వెనక్కి తిరగలేదు. టాపు మీది వాననీళ్ళు అంచు వెంట ఒక్కో బొట్టే జారుతుంటే, ఎవరి ఊళ్ళు వాళ్ళు దాటొచ్చి మేమందరం కదలకుండా కూర్చున్నాం.