నలభై మూడు మార్కులు

వీధిలో అందరూ ఆమెను కొలతలక్క అంటారు. జనం ఏం తింటున్నారో ఇంటింటికీ వెళ్లి అడిగి, గిన్నెలతో కొలిచి, ప్రభుత్వం చెప్పిన ఆరోగ్యకరమైన తిండితో పోల్చి, నూటికి ఇన్ని అని మార్కులు వేయడం ఆమె ఉద్యోగం. పంతొమ్మిదేళ్లుగా అదే పని.

ఆ ఏడు ఆమె చూసే వార్డుకు సగటున నలభై ఆరు వచ్చింది. మిగతా వార్డులన్నీ డెబ్బై దాటాయి. కొత్తగా వచ్చిన ఆఫీసరు కాగితాలు ముందుకు తోశాడు.

"ఎక్కడో పొరపాటు పడ్డారమ్మా. మళ్లీ చూసి సరిచేయండి."

అక్కకు ఒళ్లు మండింది. అయినా గొంతు పెంచలేదు. "ఒక్క ఇంటికి నాతో రండి సార్. తప్పుంటే ఒప్పుకుంటాను."

ఇద్దరూ కలిసి ఆ వార్డులో దర్జీ పని చేసే ఒకావిడ ఇంటికి వెళ్లారు. ముందు ఆఫీసరే అడిగాడు. దర్జీ మిషను ఆపి, నిటారుగా కూర్చుని, "రోజూ ఆకుకూర, రోజూ పండు సార్" అని గడగడా చెప్పేసింది. డెబ్బై నాలుగు మార్కులు పడ్డాయి.

అప్పుడు అక్క వంటగదిలోకి నడిచి, నేల మీద చతికిలబడి, సంచిలోంచి గిన్నెలు, చెంచాలు తీసి పరిచింది.

"నిన్న పొద్దున లేవగానే నోట్లో పడిందేంటి వదినా?"

"టీ."

"పంచదార ఏ చెంచాతో?"

దర్జీ పెద్ద చెంచా చూపించి నాలుక కరుచుకుంది. టీతో తిన్న బిస్కెట్లూ బయటపడ్డాయి. మధ్యాహ్నం పనిలో పడి తిండి మానేసిన సంగతీ తెలిసింది.

"మరి ఆకుకూరో?"

"అది పోయిన వారం వదినా! పెద్దసారు అడిగితే లేదని ఎలా చెప్తాను?" అంటూ పకపకా నవ్వింది.

లెక్క నలభై మూడుకు దిగింది. ఆఫీసరు బుర్ర గోక్కున్నాడు. బయటికొచ్చాక, "మిగతా వార్డుల్లో కొలిచేవాళ్లకూ ఇలా అడగడం నేర్పుతారా మేడమ్?" అన్నాడు. ఈసారి అమ్మా అనలేదు.

ఆ నెలలోనే ముప్ఫై మంది ముందు నిలబడి అక్క పాఠం చెప్పింది. వాళ్లు మళ్లీ కొలిచి వస్తే ఏ వార్డూ యాభై అయిదు దాటలేదు. ఈసారి ఆ అంకెలు ఉన్నవి ఉన్నట్టే పైఆఫీసుకు వెళ్లాయి. ఆమె వార్డు నలభై ఆరును ఎవరూ ముట్టుకోలేదు.

పాఠం చెప్పిన రోజున, మధ్యలో వాళ్లలో ఓ పిల్ల కొంటెగా అడిగింది. "మీ ఇంటికెంత వచ్చిందక్కా?"

"యాభై రెండు. మావారికి తీపి పిచ్చి. దాచమని బతిమాలారు, అయినా రాసేశాను."

గదంతా గొల్లున నవ్వింది. అక్క కూడా నవ్వి, తల ఎత్తుకుని బోర్డు వైపు తిరిగింది.