గజ్జెల్లేని డాన్సు టీచరు

ఇందిర గారు మద్రాసులో ఆరేళ్లు ఆధునిక నృత్యం నేర్చుకుని, 1992లో అమలాపురం వచ్చి, ఎరువుల కొట్టు పైన గది తీసుకుని డాన్సు నేర్పడం మొదలెట్టేరు. అక్కడ గజ్జెల్లేవు, పాటల్లేవు. "ఇవాళ మీ అమ్మ చేతులు ఏం పని చేసేయో చూపించండి," అనేవారు. మేం చూపించినదాంట్లోంచే నృత్యం అల్లేవారు. సినిమా స్టెప్పులు నేర్పరని తెలిసేక చాలామంది తమ పిల్లల్ని మాన్పించేసేరు. ఆరుగురం మిగిలేం. అందులో నేనొకదాన్ని, దానమ్మ ఒకతి.

దానమ్మది సముద్రం ఒడ్డునున్న ఓడలరేవు. తల్లి చేపలమ్మేది. తలమీద గంప ఉన్నట్టు మెడ నిలిపి దానమ్మ ఒక్క అడుగేస్తే మేమంతా మాటలాపేసేవాళ్లం. "ఈ నడక నాకు ఆరేళ్లకి గానీ రాలేదమ్మా," అన్నారోసారి ఇందిర గారు.

1998లో తండ్రి మంచాన పడ్డాడు. దానమ్మ ఇంటిపనికి కువైట్ వెళ్లింది. నాలుగేళ్లకి తిరిగొచ్చేసరికి కుడి మోకాలు వంగట్లేదు. మెట్లు తుడుస్తూ జారిపడితే ఆ ఇంటివాళ్లు వైద్యం చేయించలేదట.

అక్కడ రోజంతా ఏం చేసేదో ఇందిర గారు అడిగి అడిగి తెలుసుకున్నారు. రెండు నెలలు కూర్చుని దాన్ని నృత్యంగా కట్టేరు. చేసేది నేను. రిహార్సలుకి దానమ్మనీ పిలిచేరు. అయిపోయేక ఆమె వైపు తిరిగేరు.

"ఎలా ఉందమ్మా?" అనడిగేరు ఇందిర గారు.

"బావుందండీ."

"నిజం చెప్పు."

"అదేనండీ... బావుండకూడదు కదండీ," అంది నన్ను చూపిస్తూ. "హేమ మన వైపు తిరిగి తుడుస్తుందండీ. అక్కడ నాలుగేళ్లూ నన్నెవరూ చూళ్లేదండీ."

ఇందిర గారి మొహం పాలిపోయింది. "ఆయ్, నిజమేనమ్మా," అన్నారు.

మర్నాడే మార్చేసేరు. ఇరవై నిమిషాలూ జనానికి వీపు పెట్టే చెయ్యాలి. ప్రదర్శన రోజు సగంలోనే కుర్చీల చప్పుడు వినబడింది. అయిపోయేక ఇటు తిరిగి చూసేసరికి హాలు దాదాపు ఖాళీ. దానమ్మ కూడా లేదు. వారం కిందటే, ఆ కాలితోనే మళ్లీ కువైట్ వెళ్లిపోయిందని వాళ్లమ్మ చెప్పింది. మాకు ఒక్కమాటైనా చెప్పలేదు.

ఆ తర్వాత ఇందిర గారు కొత్త నృత్యం కట్టలేదు. 2007లో గది ఖాళీ చేసి, రాజోలులో ఒక స్కూల్లో డ్రిల్లు టీచరుగా చేరేరు. ఓసారి చూడ్డానికెళ్లేను. వరసలో ఓ పిల్ల చెయ్యి పైకెత్తితే వేళ్ల చివరిదాకా ప్రాణం ఉంది.

"ఆ పిల్లకి నేర్పకూడదాండీ?" అన్నాను.

"నేర్పడం తేలికే హేమా. దానమ్మలా మానెయ్యాల్సొచ్చినప్పుడే..." అంటూ ఆగిపోయి, విజిల్ ఊదేరు. పిల్లలంతా చేతులు దించేసేరు.